పచ్చడిగాడి పథ్యం

'తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు' అని మనకో సామెత ఉంది. ముప్పయ్యేళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని కదా, దాన్ని ఎంతమంది మీద వాడి ఉంటానో లెక్కలేదు. హోంవర్కు చేయకుండా రోజుకో కారణం చెప్పే పిల్లాడు ఊసరవెల్లి. హెడ్మాస్టరు ముందు ఒకలా, స్టాఫ్‌రూములో ఒకలా మాట్లాడే మాస్టారు ఊసరవెల్లి. ఎన్నికల ముందు కండువా మార్చే నాయకుడి సంగతి సరేసరి. అలాంటి ఊసరవెల్లి పక్కన కుర్చీ వేసుక్కూర్చుని, రెండుపూటలా దాని నోట్లో మందుచుక్కలు వేసే రోజొకటి వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే, తెనాలి అంతా వినపడేలా నవ్వి ఉండేదాన్ని.

2024 మార్చిలో డాలస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. ఇంట్లో అడుగుపెట్టి కాళ్లు కడుక్కున్నానో లేదో, పదేళ్ల మనవడు చెయ్యి పట్టుకుని మేడమీదికి లాక్కెళ్లాడు. ''అమ్మమ్మా, నా పెట్ చూస్తావా?'' అన్నాడు. కుక్కపిల్లో, పిల్లికూనో అనుకున్నా. తీరా చూస్తే నిలువెత్తు జాలీ బోను. అందులో మన ఇళ్లలో సీసాల్లో పెంచుకునే మనీప్లాంటు, చిన్న మందార మొక్క. ఆకుల మధ్య ఏమీ కనపడలేదు. కాసేపటికి ఒక ఆకు నావైపు ఒక కన్ను, వాడివైపు ఒక కన్ను తిప్పింది. ''అమ్మో'' అని రెండడుగులు వెనక్కి వేశాను.

''దీని పేరు పికిల్'' అన్నాడు వాడు. పికిలంటే పచ్చడే కదా. ఆ రోజునుంచీ నేను 'పచ్చడి' అనే పిలిచాను. వాడి ఎనిమిదో పుట్టినరోజుకి అల్లుడుగారు కొనిచ్చారట. యెమెన్, సౌదీ అరేబియా కొండల వైపు పుట్టిన జాతి. నెత్తిమీద కిరీటంలా ఎత్తుగా ఉంటుంది. ఇప్పుడు అమెరికాలో దుకాణాల్లో దొరికేవి చాలావరకు అక్కడే బోనుల్లో పుట్టి పెరిగినవేనట. మనవాడు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతున్నాడు. దాని నాలుక ఒళ్లుకన్నా పొడవట. రెండు కళ్లూ దేనికది విడివిడిగా తిరుగుతాయట. బల్లిలా తోక తెగితే మళ్లీ రాదట. ఇంకా, తొండ ఎంత ముదిరినా ఊసరవెల్లి కాదట. రెండూ వేరువేరు కుటుంబాలట. నా సామెత అలా మొదటి రోజే పోయింది.

మర్నాడు పొద్దున ''అమ్మమ్మా, క్రికెట్స్ అయిపోయాయి, తెచ్చుకోవాలి'' అన్నాడు. బంతీ బ్యాటూ అనుకున్నా. అవి కీచురాళ్లు! డబ్బాలో పెట్టి అమ్ముతారట. ఇంట్లో గుడ్డు కూడా వండని కుటుంబం మాది. ప్రాణంతో ఉన్న పురుగుల్ని కొనితెచ్చి ఇంకో ప్రాణికి వేయడమా? ''ఇదేం పెంపకమే?'' అని అమ్మాయిని నిలదీశాను. ''అమ్మా, దానికి పప్పన్నం పెట్టలేం కదా'' అంది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ గది వైపు వెళ్లడం మానేశాను.

*

మూడో వారంలో ఒకరోజు మధ్యాహ్నం ఉతికిన బట్టలు పెట్టడానికి ఆ గదిలోకి వెళ్లాను. పచ్చడి కొమ్మ మీద కళ్లు మూసుకుని ఉంది. సాయంత్రం చూసినా అంతే. మర్నాడు పగలూ అంతే. కనుగుడ్లు లోపలికి పోయినట్టున్నాయి. పచ్చటి ఒళ్లు మసిబట్టిన గిన్నెలా తయారైంది. కొమ్మని పట్టుకోబోతే పట్టు జారిపోతోంది. ముందరి కాళ్లు విల్లులా వంగి ఉన్నాయి.

''ఏరా, దీనికి ఒంట్లో బాగాలేదేమోరా'' అన్నాను. ''స్లీపీ అమ్మమ్మా, అంతే'' అన్నాడు, నావైపు చూడకుండా. పగటిపూట కళ్లు మూసుకుపోయే పిల్లల్ని చాలామందిని చూశాను నేను. జ్వరమైనా ఉంటుంది, పొద్దున ఏమీ తినకుండానైనా వచ్చి ఉంటారు. ఆ సాయంత్రం కీచురాయి వదిలితే పచ్చడి దాన్ని చూసింది, గురిపెట్టింది, నోరు తెరిచింది. నాలుక అంగుళం బయటికొచ్చి ఆగిపోయింది. దాన్ని లోపలికి తీసుకోవడానికి కూడా తంటాలు పడింది. నా కళ్లముందే కొమ్మ మీంచి కిందపడింది.

ఊసరవెల్లికి వైద్యం చేసే డాక్టరు ఊరికొకరు ఉండరు. పక్షులకూ పాములకూ బల్లిజాతికీ చూసే డాక్టరమ్మ నలభై మైళ్ల దూరంలో ఉందని అల్లుడుగారు కనుక్కుని, మర్నాటికి అపాయింట్‌మెంటు తీసుకున్నారు.

ఆ రాత్రి పదకొండింటికి నా గది తలుపు కొద్దిగా తెరుచుకుంది. మనవడు. మంచం అంచున కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వచ్చీరాని తెలుగులో చెప్పాడు. కీచురాళ్లకి కాల్షియం పొడి పట్టించి వేయాలట. సంచిలో పొడి పోసి, వాటిని అందులో వేసి ఊపాలట. క్రిస్మస్ సెలవుల్లో అలా ఊపుతుంటే సంచి జారి పురుగులన్నీ ఇల్లంతా పరుగెత్తాయట. అమ్మాయి గట్టిగా కేకలేసిందట. అప్పట్నుంచి వీడు పొడి పట్టించడం మానేసి, పట్టిస్తున్నానని చెబుతున్నాడు. మూడు నెలలు!

''నేనే చంపేస్తున్నానా అమ్మమ్మా?''

ఏం చెప్పను? కాదంటే అబద్ధం. అవునంటే పదేళ్ల పిల్లాడు. ''రేపు డాక్టరుగారు అడుగుతారు. ఉన్నదున్నట్టు నువ్వే చెప్పు. రోగం ఎందుకొచ్చిందో తెలియకుండా ఆవిడ మందెలా ఇస్తుంది?'' అన్నాను. ''నువ్వు చెప్పవా?'' అన్నాడు. ''నేను పక్కన కూర్చుంటాను. చెప్పేది మాత్రం నువ్వే'' అన్నాను.

*

డాక్టరమ్మ మందు రాయడానికి ముందు అరగంట ప్రశ్నలే వేసింది. ఏం తింటోంది, నీళ్లెలా ఇస్తున్నారు, బోనులో వేడెంత, ఏ లైటు, ఎప్పుడు కొన్నారు... 'పొడి పట్టిస్తున్నారా' అన్న ప్రశ్న రాగానే అల్లుడుగారు ''యెస్, రోజూ...'' అంటుండగా మనవడు ''నో'' అన్నాడు. గది నిశ్శబ్దమైంది. వాడు మొత్తం చెప్పాడు. గొంతు వణికింది కానీ ఆగలేదు. డాక్టరమ్మ కోప్పడలేదు. ''చెప్పినందుకు థాంక్స్, నా పని సగం తగ్గింది'' అంది.

ఎక్స్‌రే తీసి గోడకున్న తెరమీద చూపించింది. ఎముకలు తెల్లగా, స్పష్టంగా కనపడాలట. మా పచ్చడివి తెల్లవారుజామున మంచులో కరెంటు స్తంభాల్లా అలుక్కుపోయి ఉన్నాయి. ఒంట్లో కాల్షియం చాలకపోతే శరీరం ఎముకల్లోంచి లాక్కుంటుందట. పుట్టెడు అప్పు తీర్చడానికి ఇంటి దూలాలు అమ్ముకున్నట్టు. ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. కండరాలు బిగియాలన్నా కాల్షియమే కావాలి కాబట్టి కాళ్ల పట్టు సడలుతుంది, నాలుక విసరలేదు. కాబట్టి తినలేదు. తినకపోతే ఇంకా నీరసం. బోనుల్లో పెంచే బల్లిజాతి జీవులకు చాలా తరచుగా వచ్చే జబ్బు ఇదేనట.

''అయితే ఇది ఒక్క పొడివల్ల వచ్చింది కాదు'' అంది ఆవిడ. బోనుపైన ఉన్న ట్యూబులైటు సంగతి అడిగింది. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో 'బి' రకం చర్మం మీద పడితేనే ఒంట్లో విటమిన్ డి తయారవుతుంది. ఆ విటమిన్ ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. ఎండ తగలని గదిలో పెంచేవాటికి ఆ కిరణాలనిచ్చే ప్రత్యేకమైన లైటు పెట్టాలి. ఆర్నెల్లకో, మహా అయితే ఏడాదికో దాన్ని మార్చేయాలి. మావాళ్లు రెండేళ్లయినా మార్చలేదు.

''కానీ లైటు బాగా వెలుగుతోంది కదా!'' అన్నారు అల్లుడుగారు.

''వెలుగు వస్తూనే ఉంటుంది. కిరణాలు తగ్గిపోతాయి. అది మన కంటికి తెలియదు'' అంది డాక్టరమ్మ. ''బోను కిటికీ పక్కనే ఉంది, ఎండ పడుతుంది'' అన్నారాయన చివరి ఆశగా. ''కిటికీ అద్దం ఆ కిరణాల్ని దాదాపుగా రానివ్వదు'' అందావిడ. తప్పులో పిల్లాడి వాటా ఒకటైతే, పెద్దవాళ్ల వాటా ఇంకోటని తేలింది. అల్లుడుగారు తిరుగుప్రయాణంలో వాడి భుజం మీద చెయ్యి వేసి, ''సారీ నాన్నా, లైటు నేను చూసుకోవాల్సింది'' అన్నారు. ఆ మాటకి వాడి మొహం తేటపడింది. బిల్లు 370 డాలర్లు. రూపాయల్లో 30 వేలు పైనే అని లెక్క కట్టుకుని నేను నోరు మూసుకున్నాను. ఒంగిన కాళ్లు మాత్రం మళ్లీ తిన్నగా అవవని, ప్రాణం దక్కితే అదే గొప్పని ఆవిడ ముందే చెప్పింది.

*

పగలు ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. కాబట్టి నర్సుద్యోగం నాకే వచ్చింది.

రోజుకు రెండుసార్లు కాల్షియం మందు, సూదిలేని చిన్న సిరంజితో. నోరు బలవంతంగా తెరవకూడదు, దవడ మెత్తబడి ఉంది, విరుగుతుంది. ఒళ్లు పట్టుకుని ఎత్తకూడదు, అదీ ప్రమాదమే. మరెలా? దానికి కోపం వస్తే నోరు తెరిచి బుస్సుమంటుంది. ఆ క్షణంలో పెదవి అంచున ఒక్కో చుక్కా వేయాలి, గబగబా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనవడు బడికి వెళ్లేముందు ఎదురుగా నిలబడి కోపం తెప్పించడం, నేను చుక్క వేయడం. నలుగురు పిల్లలకి ఉగ్గుగిన్నెతో పట్టిన చెయ్యి ఇది. రెండో రోజుకే అలవాటు పడిపోయింది.

గిన్నెలో నీళ్లు పెడితే అది తాగదు. నిలిచిన నీళ్లని గుర్తుపట్టదు. ఆకుల మీద చినుకులు మెరిస్తేనే నాలుకతో అందుకుంటుంది. మన కథల్లో చాతకపక్షి లాంటిదన్నమాట. పూటకోసారి స్ప్రే సీసాతో ఆకులన్నీ తడిపేదాన్ని. ఒంట్లో నీళ్లు చాలకపోతే దాని విసర్జనలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగుకి తిరుగుతుంది. పసిపిల్లల విరేచనం చూసి జబ్బు చెప్పే తరం మాది, పొద్దున్నే అదీ చూసేదాన్ని. కింద పడినా దెబ్బ తగలకుండా కొమ్మలన్నీ కిందికి దించి, అడుగున తువ్వాళ్లు పరిచాం. కొత్త ట్యూబులైటు వచ్చింది. వంటింట్లో పిండి తూచే త్రాసు మేడెక్కింది. ఆదివారం ఆదివారం తూకం. మొదటి వారం 96 గ్రాములు.

ఇక కీచురాళ్లు. ఉత్త కీచురాయిలో కాల్షియం తక్కువ, భాస్వరం ఎక్కువ. అందుకని వాటికి ముందురోజు ఆకుకూరలూ చిలగడదుంపలూ పెట్టి, తర్వాత పొడి పట్టించి వేయాలి. చావబోయేవాటికి విందుభోజనం నా చేత్తోనే తరిగి పెట్టాను. మొదటిరోజు చెయ్యి ఆడలేదు. ఒక్క ప్రాణం కోసం ఎన్ని ప్రాణాలన్న ప్రశ్నకి నాకు ఈనాటికీ జవాబు దొరకలేదు. బోనులో పెట్టుకున్నాక ఆకలితో మాడ్చడం కన్నా ఇదే నయమని మాత్రం అనిపించింది. పొడి పట్టించే పని నాదే. తెల్లటి సుద్దపొడే అది. ముప్పయ్యేళ్లు సుద్దముక్కలతో తెల్లబడ్డ వేళ్లు మళ్లీ తెల్లబడ్డాయి. అయితే అన్నిటికీ మోతాదుంది. తొందరగా బాగవ్వాలని విటమిన్ డి పొడి ఎక్కువ వేస్తే అదీ విషమే.

ఏప్రిల్లో ఎండలు హాయిగా ఉండేవి. పది గంటలవేళ చిన్న జాలీ బోనులో దాన్ని పెరట్లోకి తీసుకొచ్చి, సగం ఎండ, సగం నీడ పడేలా పెట్టేదాన్ని. అద్దాల పెట్టెలో పెట్టి ఎండలో ఉంచితే ఉడికి చస్తుందని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. అరగంటసేపు పక్కనే కుర్చీలో కాపలా.

ఒక శనివారం మనవడు నా గదిలో బ్యాటరీలేవో వెతుకుతూ నా సూట్‌కేసు అరలోంచి ఓ పొట్లాల కట్ట బయటికి తీశాడు. ''ఇదేంటి అమ్మమ్మా?'' అట్టమీద పెద్దక్షరాలు చదివాడు. విటమిన్ డి3. 60 వేల యూనిట్లు.

నాకు మాట రాలేదు. బయల్దేరేముందు గుంటూరులో ఎముకల పరీక్ష చేయించారు. ఎముకలు పలచబడ్డాయి, వారానికో పొట్లం వేసుకోండి అని డాక్టరుగారు రాసిచ్చారు. ఒక్కటీ విప్పలేదు. 'వేసుకుంటున్నావా అమ్మా' అని అమ్మాయి అడిగినప్పుడల్లా 'ఆఁ, వేసుకుంటున్నా' అంటూ వచ్చాను. కారణమేం లేదు. ఈ వయసులో ఇన్ని మందులెందుకులే అన్న బద్ధకం.

వాడు పొట్లాలు లెక్కపెట్టాడు. నావైపు చూశాడు. ''అమ్మకి నువ్వే చెప్పు. నేను పక్కన కూర్చుంటా'' అన్నాడు.

నా మాటే నాకు అప్పజెప్పాడు! రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. అమ్మాయి డిసెంబరులో కీచురాళ్లప్పుడు వేసినంత గట్టిగానే నామీదా కేకలేసింది. వాడు నిజంగానే నా పక్కన కూర్చున్నాడు. మర్నాటి నుంచి ఫ్రిజ్ తలుపుమీద కాగితంలో రెండు వరసలు. ఒకటి పికిల్‌కి, ఒకటి అమ్మమ్మకి. మందు వేసుకున్నాక టిక్కు పెట్టాలి.

*

మే రెండో వారం. పచ్చడి పగలంతా కళ్లు తెరిచి ఉంటున్నాడు. అవును, అప్పటికి 'అది' పోయి 'వాడు' అయిపోయాడు. తూకం 104కి వచ్చింది. కానీ తిండి ఇంకా మేం పటకారుతో నోటిదాకా అందించాల్సిందే. ఒకరోజు సాయంత్రం మనవడు పటకారుతో కీచురాయిని పట్టుకుని, ఎందుకో జానెడు దూరంలో ఆపాడు. పచ్చడి రెండు కళ్లూ ముందుకు తిప్పి ఒకేచోట నిలిపాడు. టప్ మన్న శబ్దం. అంతే, పటకారు ఖాళీ. మేమిద్దరం ఒకరి మొహాలొకరు చూసుకుని అరిచిన అరుపుకి కింద ఫోను మీటింగులో ఉన్న అల్లుడుగారు పరుగెత్తుకొచ్చారు.

నేను తిరిగి వచ్చేసే ఆగస్టు నాటికి 121 గ్రాములు. ముందరి ఎడమకాలు వంకరగానే ఉండిపోయింది. పై కొమ్మలు ఎక్కేటప్పుడు ఒకటికి రెండుసార్లు తడుముకుంటాడు. కానీ ఎక్కుతాడు.

పక్కన కూర్చున్న అన్ని గంటల్లో వాడి రంగులు చదవడం వచ్చేసింది. చలేస్తే ముదురురంగు, ఎండ ఎక్కువ తీసుకోవడానికి. నొప్పి, భయం ఉన్నప్పుడు మసి రంగు. నిద్రపోతే లేతాకు రంగు. అద్దంలో తన్ను తాను చూసుకుని ఇంకో మగాడనుకున్నప్పుడు పసుపుపచ్చ చారలు భగ్గుమంటాయి. వెనకున్న గోడని బట్టి రంగు మార్చి మోసం చేస్తుందని కదా మనం అనుకునేది. గోడరంగు కన్నా లోపలి సంగతే ఎక్కువట. చర్మకణాల్లో సన్నటి స్ఫటికాలుంటాయని, వాటి మధ్య ఎడం మారితే రంగు మారుతుందని 2015లో జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మడగాస్కర్ ఊసరవెల్లుల మీద పరిశోధించి చెప్పారు. ఒంట్లో ఉన్నది ఉన్నట్టు ఒంటిమీద చూపించే జీవి అది. ఆ ఇంట్లో మందు సంగతి దాచింది నేనూ, నా మనవడూ. వాడు కాదు.

ఇది చదివి మీ పిల్లలు మాకూ ఒకటి కావాలంటే, ఒక్క మాట. మన తోటల్లో, కంచెల మీద కనిపించే ఊసరవెల్లి వేరే జాతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం, పెంచుకోవడం నేరం. దెబ్బ తగిలి కనిపిస్తే అటవీశాఖ వాళ్లకి కబురు చేయండి. బాగున్నది కనిపిస్తే దాని దారిన దాన్ని పోనివ్వండి. చిన్నప్పుడు మా అన్నయ్యా నేనూ గోరింట కంచె మీద దాన్ని చూస్తే రాళ్లందుకునేవాళ్లం. ఎందుకు కొట్టామంటే చెప్పడానికి ఏమీ లేదు. అందరూ కొట్టేవాళ్లు, మేమూ కొట్టాం.

ఆదివారం ఆదివారం మనవడు ఫోన్ చేస్తాడు. ముందు వాడి తూకం చెబుతాడు. ''మరి నీ పొట్లం?'' అంటాడు. టిక్కు పెట్టిన కాగితం ఫోనుకి ఎదురుగా పట్టుకుంటే గానీ వదలడు. కిందటి ఆదివారం ఇంకో ప్రశ్న కూడా అడిగాడు. ''అమ్మమ్మా, ఎండలో కూర్చున్నావా? కిటికీ దగ్గర కాదు. బయట.''

కిటికీ దగ్గరే కూర్చున్నాను. కుర్చీ తీసుకుని అరుగుమీదికి వెళ్లాను.